లింగ్విస్టిక్సా, తులనాత్మక సాహిత్యమా? ఎంఏ తర్వాత పని దొరుకుతుందా?

ఓరుగల్లు_పాఠకురాలు:
బీఏ చివరి ఏడాది, తెలుగూ ఇంగ్లీషు సాహిత్యమూ నా సబ్జెక్టులు. ఇంట్లో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. నాకేమో లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) గానీ తులనాత్మక సాహిత్యం గానీ చదవాలనుంది. చదివినవాళ్లు ఉంటే చెప్పండి, రెంటికీ తేడా ఏంటి, తర్వాత ఏం ఉద్యోగాలొస్తాయి? స్పీచ్ థెరపిస్ట్ కావచ్చని ఒకరన్నారు, నిజమేనా? నాన్నకు ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

కారకం:
చెల్లీ, నేను ఉస్మానియాలో లింగ్విస్టిక్స్ చేశాను, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు నిలబెట్టిన విభాగం. నాలుగు భాషలు నేర్పిస్తారనుకుని చేరితే మొదటి సెమిస్టర్‌లోనే నీరుగారిపోతారు. ధ్వని నోట్లో ఎక్కడ పుడుతుంది, వాక్యంలో ఏది దేనికి కట్టుబడి ఉంది, గోండి, కొలామి లాంటి గిరిజన భాషలూ తెలుగూ ఎలా చుట్టాలయ్యాయి, అదీ చదువు. ఇప్పుడు నా పని కంప్యూటర్‌కి తెలుగు నేర్పే డేటా తయారుచేయడం. 'నాకు ఆకలేస్తోంది' అన్న వాక్యం తీసుకోండి. కర్త ఎవరు? 'నాకు' అని చాలామంది గుర్తు పెట్టేస్తారు, కానీ క్రియతో ఒక్కో మాటకున్న సంబంధాన్ని చెప్పే పాణిని కారకాల పద్ధతిలో కర్త 'ఆకలి', 'నాకు' అనుభవించేవాళ్లని చెప్పే మాట, దానికి వేరే గుర్తుంది. ఇలాంటివి రోజంతా తేల్చాలి, నాకైతే విసుగు రాదు. పైథాన్ ప్రోగ్రామింగ్ కొంచెమైనా నేర్చుకోండి, అది లేకపోతే ఈ రంగంలో జీతం పెరగదు.

ఒక్కటి మాత్రం నాన్నగారికి ముందే చెప్పేయండి: జూనియర్ కాలేజీల్లో లింగ్విస్టిక్స్ అనే సబ్జెక్టే లేదు, కాబట్టి ఈ ఎంఏతో జేఎల్ (జూనియర్ లెక్చరర్) పోస్టు ఆశించకూడదు.

రెండు_గట్లు:
నాది తులనాత్మక సాహిత్యం. మన దేశంలో దీనికి మొదటి విభాగం 1956లో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ యూనివర్సిటీలో బెంగాలీ కవి బుద్ధదేవ్ బోస్ పెట్టారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ విభాగం ఉంది. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి పోలికలు రాయడమే అనుకుంటారు కానీ అది చాలా చిన్న భాగం. తమిళంలో కంబన్ చెప్పిన రామకథ, తెలుగులో మొల్ల చెప్పిన రామకథ ఎవరి కోసం, ఏ ఛందస్సులో, ఎందుకలా మారాయి, నవల మన దగ్గరికి ఏ భాషల దారిన వచ్చింది, ఇలాంటివి అడుగుతారు. మూలంలో చదవగలిగే మూడో భాష ఒకటి ఉంటే బలం. తమిళమో కన్నడమో ఇప్పుడే మొదలుపెట్టండి.

ఉద్యోగాల సంగతి దాచను. అనువాదం, ప్రచురణ, సబ్‌టైటిళ్లు, లేదంటే పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో పాఠం చెప్పడం. లెక్చరర్ అర్హతకు రాసే యూజీసీ నెట్ పరీక్షలో దీనికి వేరే పేపరుంది, లింగ్విస్టిక్స్‌కీ ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, హాస్టల్ విద్యార్థికి అది చిన్న మొత్తం కాదు. విభాగాలే తక్కువ కాబట్టి పోస్టులూ తక్కువే. తెలుగు లెక్చరర్ కావాలన్నదే అసలు కోరికైతే ఎంఏ తెలుగే చేయండి, నోటిఫికేషన్లలో అదే అడుగుతారు.

మైసూరు_నుంచి:
స్పీచ్ థెరపీకి దారి వేరమ్మా. ఇంటర్ సైన్స్ తర్వాత బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల డిగ్రీ) చేసి ఆర్‌సీఐలో (భారత పునరావాస మండలిలో) రిజిస్టర్ కావాలి, లింగ్విస్టిక్స్ ఎంఏ ఒక్కటే సరిపోదు. ఇక్కడి భారతీయ భాషల కేంద్రసంస్థ, 1969లో పెట్టింది, అప్పుడప్పుడూ ప్రాజెక్టు పోస్టులకు పిలుస్తుంది. కాంట్రాక్టు పనే అయినా చేతికి అనుభవం వస్తుంది.

ఓరుగల్లు_పాఠకురాలు:
అందరికీ థాంక్స్. అయితే లింగ్విస్టిక్స్‌కే మొగ్గుతున్నాను. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ, ఉస్మానియాకి సీపీగెట్, రెండు ప్రవేశ పరీక్షలూ రాస్తాను. కారకం అక్కా, ఆ కారకాల గుర్తుల గురించి తెలుగులో చదవడానికి ఏమైనా ఉంటే పంపగలరా?