ఇన్వర్టర్ బ్యాటరీలో ఆనోడ్ ఏది?

ప్రశ్న:
నమస్కారం. విద్యుద్విశ్లేషణ పాఠంలో ఆనోడ్ అంటే ధనధ్రువమని చదువుకున్న మా అమ్మాయి, బ్యాటరీలో ఋణధ్రువాన్ని ఆనోడ్ అని ఎందుకంటారని అడిగింది. అసలు ఎలక్ట్రోడ్ చేసే పనేమిటో దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
తీగలో విద్యుత్తును ఎలక్ట్రాన్లు, ఆమ్లంలో అయాన్లు మోస్తాయి. ఆ పని చేతులు మారే చోటే ఎలక్ట్రోడ్. ఇన్వర్టర్ బ్యాటరీలో బూడిదరంగు సీసం పలకలు ఋణధ్రువం, ముదురు గోధుమరంగు లెడ్ డయాక్సైడ్ పలకలు ధనధ్రువం. కరెంటు పోయి ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతున్నప్పుడు సీసం ఎలక్ట్రాన్లను వదిలి లెడ్ సల్ఫేటుగా మారుతుంది. అవి బయటి తీగల గుండా చుట్టివచ్చి రెండో పలకను చేరినప్పుడు అక్కడి లెడ్ డయాక్సైడ్ కూడా లెడ్ సల్ఫేటే అవుతుంది. బ్యాటరీలోని ఒక్కో గదికి (సెల్‌కు) సుమారు 2 వోల్టులు, ఆరు గదులకు 12.

సమాధానం 2:
మీ అమ్మాయి సందేహం చాలా మంచిది. ఆనోడ్ అన్నది గుర్తును బట్టి వచ్చిన పేరు కాదు, ఎలక్ట్రాన్లను కోల్పోయే చర్య, అంటే ఆక్సీకరణం, జరిగే పలక పేరు. బ్యాటరీని వాడుతున్నప్పుడు ఎలక్ట్రాన్లను వదిలేది సీసం పలక కనుక ఋణధ్రువమే ఆనోడ్. ఛార్జింగ్‌లో చర్య తిరగబడుతుంది కనుక అప్పుడు ధనధ్రువమే ఆనోడ్ అవుతుంది. టెర్మినళ్లపై ఉన్న ప్లస్, మైనస్ గుర్తులు మాత్రం మారవు.

సమాధానం 3:
ఒక్క మాట చేర్చాలి. పూర్తిగా డిశ్చార్జ్ అయిన బ్యాటరీని వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలై, ఛార్జింగ్ పెట్టినా తిరిగి కరగదు. మేము వేసవిలో ఊరికి వెళ్లి వచ్చేసరికి మా బ్యాటరీ అలాగే పాడైంది. మూత తీసి చూస్తే పలకల అంచున తెల్లటి పొర కనిపించింది.