చదవకుండానే ఓటేస్తున్నారు, ఎందుకు?

ఆబిడ్స్_ఆదివారం:
ఓట్లకు డబ్బులొచ్చే ఒక బ్లాగింగ్ సైట్లో తెలుగులో రాస్తుంటాను. మొన్న ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల మీద పెద్ద పోస్టు పెట్టా. మూసిన షట్టర్ల ముందు పట్టాలు పరవడం, పాత ఎంసెట్ గైడ్ల కింద తెలుగు నవలలు నలిగిపోవడం, మన కన్ను ఏ పుస్తకం మీద ఆగిందో చూసి అమ్మేవాడు రేటు పెంచడం, అన్నీ రాశా. తీరిగ్గా చదివితే పది నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాలు దాటీదాటగానే ఓట్లన్నీ వచ్చి పడ్డాయి! కామెంటు మాత్రం ఒక్కటే: "నైస్ పోస్ట్ సర్". (ప్రొఫైల్లో నా ఫొటో ఉంది, చీరలో.)

అక్కడే ఒకాయన రోజూ ట్యాంక్‌బండ్ ఫొటో పెట్టి "శుభోదయం" అంటాడు, నాకంటే ఎన్నో రెట్లు వస్తుంది. కుళ్ళు అనుకున్నా పర్లేదు. చదవనివాళ్ళకి ఓటేసే పనేంటి?

కూకట్‌పల్లి_కోడర్:
ఓటేసినవాళ్ళకీ వాటా ఉంటుంది మేడమ్, అందుకే. స్టీమ్ అని ఇలాంటి వేదికే ఒకటుంది, అందులో మొదట్లో రాసినవాళ్ళకి 75 శాతం, ఓటేసినవాళ్ళకి 25. 2019 ఆగస్టులో చెరి సగం చేశారు. ఓట్లు అమ్ముకోవడం, సొంత పోస్టుకే వేసుకోవడం మాని మంచి రాతలు వెతుకుతారని ఆశ. కానీ బాగా సంపాదించబోయే పోస్టుకి ముందుగా ఓటేస్తేనే లాభం. కాబట్టి బాట్లు, అంటే తమ బదులు ఓటేసే ప్రోగ్రాములు, పెట్టుకున్నారు. మరీ తొందరపడితే వాటాలో కోత ఉండేది, మొదట్లో 30 నిమిషాల లోపు, 2019 నుంచి అయిదు. మీ సైటు రూలూ అదే అయ్యుంటుంది. స్టీమ్ నుంచి విడిపోయిన హైవ్‌లో 2021 నుంచి మొదటి 24 గంటల్లో ఎప్పుడు వేసినా సమానమే.

మలక్‌పేట్_మామ:
అసలు మాట ఇంకోటి ఉంది అక్కా. ఓటు బరువు మనిషిని బట్టి కాదు, లాక్ చేసిన టోకెన్లని (సైటు సొంత డిజిటల్ నాణేలు) బట్టి. అపార్ట్‌మెంట్ల ఫ్లాటుకో ఓటు అన్నట్టు, పది ఫ్లాట్లున్నోడిదే రాజ్యం. మీ శుభోదయం సార్‌కి అట్లాంటోడు ఎవడో దోస్తు ఉండుంటడు. తెలుగు చదివే పెద్ద ఖాతా లేకుంటే మీరెంత రాసినా చిల్లరే. డౌన్‌వోట్ (పోస్టు సంపాదన తగ్గించే ఓటు) అంటరా, స్టీమ్‌ల 2019లోనే దానికి వేరే కోటా ఇచ్చిన్రు, అంతకుముందు వేస్తే మన ఓటు బలమే కరిగేది. ఇప్పుడు ఆ కోటా దాకా కరగదు గానీ, పెద్దోడికి వేస్తే వాడొచ్చి మన పోస్టుల మీద పడ్తడు. ఎవడికి గావాలె ఈ లొల్లి?

ఆబిడ్స్_ఆదివారం:
మరి 24 గంటల పద్ధతి వచ్చాకైనా చదువుతున్నారా?

కూకట్‌పల్లి_కోడర్:
తొందర తగ్గింది, అంతే. చదివి వేసినా, బాట్ వేసినా వాటా ఒకటే అయినప్పుడు పని మానుకుని ఎవరు చదువుతారు? చదివినందుకు ఎక్కువిచ్చే రూలు ఎవరూ రాయలేరు, చదివారో లేదో కోడ్‌కి తెలిసే దారి లేదు.

ఆబిడ్స్_ఆదివారం:
అయితే వచ్చే పోస్టుకి డబ్బు వద్దని పెడతా. ఎవరొస్తారో చూడాలి.

మలక్‌పేట్_మామ:
హైవ్‌ల ఆ ఆప్షన్ ఉంది. మీ దాంట్ల కూడ ఉంటే పోస్టు చేసేటప్పుడే పెట్టున్రి, ఓట్లు పడ్డంక మార్చనియ్యదు.