చేతిపనికి పీసు రేటు న్యాయమేనా? జాకెట్టుకు 20 రూపాయలు ఎవరికి గిడుతుంది?

సూదీదారం (తెనాలి):
రెండు షాపులకి ఇంటి దగ్గరే చేతిపని చేస్తాను. హెమ్మింగు, హుక్కులు, కాజాలు, పట్టుచీరలకి ఫాల్. జాకెట్టుకి 20 ఇస్తున్నారు, మూడేళ్ళుగా అంతే. నిన్న గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నా. మెడ, చేతులు, నడుం పట్టీ హెమ్మింగు చేసి ఆరు హుక్కులు, ఆరు కాజాలు వేసేసరికి 45 నిమిషాలు పట్టింది. పొద్దస్తమానం తలెత్తకుండా చేసినా పది దాటవు. రోజంతటికీ 200. అదే జాకెట్టుకి షాపులో 650 తీసుకుంటారు. పీసు లెక్క మానేసి గంటల లెక్కన ఇమ్మంటే తప్పా?

బొటిక్ ఓనరమ్మ (విజయవాడ):
తప్పనను, కుదరదంటాను. ఆ 650లో మిషను మీద కుట్టినాయనకి 200 పోతుంది. లైనింగు గుడ్డ, కటింగ్ మాస్టర్ జీతం, అద్దె, కరెంటు కూడా అందులోంచే. పట్టుజాకెట్టు పాడైతే ఏం చెయ్యను? చీరలోంచి కత్తిరించిన ముక్క అది, బజారంతా తిరిగినా ఇంకోటి దొరకదు. పోయిన మాఘమాసంలో ఒకావిడకి చీర ఖరీదు మొత్తం కట్టుకున్నాను. మూఢం వస్తే షాపులో ఈగలు తోలుకోవడమే, అప్పుడు గంటల కూలి ఎక్కణ్ణించి తేను? పైగా మీరు ఇంట్లో చేస్తారు. మధ్యలో లేచి తాలింపు పెట్టుకుంటే ఆ టైమెవరు చూస్తారు?

సూదీదారం:
ఆ 45 నిమిషాల్లో తాలింపు లేదండీ. లేచినప్పుడల్లా గడియారం ఆపే చూశా.

కత్తెర మాస్టర్ (కూకట్‌పల్లి):
ముప్పయ్యేళ్ళుగా పీసు మీదే బతుకుతున్నా. చెయ్యి తిరిగినవాడికి పీసు రేటే మేలు. రోజుకూలి అయితే అయిదు కుట్టే నాకూ, రెండు కుట్టే కుర్రాడికీ ఒకే డబ్బు. నేనొప్పుకోను.

అయితే తెనాలి అమ్మ చెప్పేదాంట్లో ఒక మెలిక ఉంది, ఓనరమ్మగారు దాన్ని చూడట్లేదు. కాలితో తొక్కే మిషనుకి మోటారు పెట్టుకున్నాక నా పీసులు పెరిగాయి. రేటు పెరగకపోయినా ఎక్కువ కుట్టి పూడ్చుకున్నా. సూదికి మోటారు ఏదీ? కాజా వెయ్యడానికి మా అమ్మకి ఎంతసేపు పట్టిందో ఈవిడకీ అంతే పడుతుంది. చేతిపనిలో రేటు ఆగిందంటే కూలి ఆగినట్టే. ఇంకోటి, ‘పీసు’ అన్నమాటే మోసం. వెనక లోతు మెడ, పైపింగు, డోరీలు, వాటికి లట్కన్లు. అదీ పీసే, పాత సాదా జాకెట్టూ పీసే.

కోర్టు పక్షి (హైదరాబాద్):
1973లో సుప్రీంకోర్టు తేల్చిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిందే. పీసు లెక్కన కుట్టేవాళ్ళు మా ఉద్యోగులు కారని షాపులవాళ్ళ వాదన. మిషన్లు షాపువే, నచ్చకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టించే హక్కూ షాపుదే, కాబట్టి ఉద్యోగులేనంది కోర్టు. కొందరు పని ఇంటికి తీసుకెళ్తారన్న సంగతీ ఆ కేసులో ఉంది. 1948 కనీస వేతనాల చట్టమైతే ముడిసరుకు ఇంటికి తెచ్చుకుని పనిచేసేవాళ్ళని కూడా ఉద్యోగుల్లో కలిపింది. ప్రభుత్వం ఒక పనికి పీసు కనీస రేటు కాకుండా టైము రేటే (గంటకో రోజుకో ఇంతని) నిర్ణయించి ఉంటే, పీసు మీద చేసినా అంతకు తగ్గకూడదని అందులో 17వ సెక్షను ఉండేది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడులోనూ ఆ సూత్రం ఉంది.

బొటిక్ ఓనరమ్మ:
సెక్షన్లు సరే సార్, కస్టమరుకి కూడా ఒక సెక్షను పెట్టించండి. 650 అంటే ‘పక్కవీధిలో 400కే కుడతారు’ అని చీర సర్దుకుని వెళ్ళిపోతుంది.

సంఘం అక్క (కరీంనగర్):
మా తెలంగాణల బడిపిల్లల యూనిఫాంలు మహిళా సంఘాలోళ్ళే కుడతరు. జతకు 50 ఉన్న కూలిని 2024ల 75 చేసిన్రు. పీసు లెక్క పోలేదు, రేటే పెరిగింది. ఊరంత ఒక్క మాట మీదుంటెనే రేటు నిలుస్తది. మీ తెనాలిల ఒక్కామె 20కి ఒప్పుకోకుంటె ఇంకొకామె 15కి పట్టుకపోతది గదా?

సూదీదారం:
అక్క చెప్పింది నిజమే, మా వీధిలో అదే జరిగింది. సరే, గంటల మాట పక్కన పెడతా. సాదా జాకెట్టు వేరు, లోతు మెడది వేరు, పట్టుది వేరు రేటు పెట్టమంటున్నా. షాపు కొలత తప్పుకి జాకెట్టు విప్పి మళ్ళీ కుడితే నా చేతిపని రెండోసారి లెక్కకి రావాలి. ఇప్పుడు అది ఉచితం.

బొటిక్ ఓనరమ్మ:
కొలత మాదే తప్పయితే ఇస్తాను, అందులో పేచీ లేదు. హెమ్మింగు ఊడొస్తే మాత్రం ఇవ్వను. రకానికో రేటు అంటే కటింగ్ మాస్టర్‌ చీటీ మీద రాసివ్వాలి, ఆయన్ని అడిగి చెబుతా.

సూదీదారం:
ఊడితే ఊరికే చేసిస్తా. మరి దారం సంగతో? పట్టుచీర రంగుకి కలిసే సిల్కు దారం ఇన్నాళ్ళూ నా డబ్బుతోనే కొంటున్నా.

కత్తెర మాస్టర్:
అదేంటమ్మా, దారం కూడా నీదేనా!