పోర్ట్‌లాండ్‌లో 1913 నాటి ఇల్లు: ముందు గదిలో నడిచిన కుట్టు దుకాణం పేరు ఎలా తెలుసుకోవాలి?

అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో మాది క్రాఫ్ట్స్‌మన్ శైలి ఇల్లు. వాలు కప్పు, లావుపాటి స్తంభాల వరండా. పర్మిట్ ప్రకారం 1913లో కట్టారు. పైన మేముంటాం, కింద ముందు గదిలో నేను బ్లౌజులు కుడతాను. ఆ గదికి వరండాలోంచి విడిగా తలుపుంది. మొన్న కార్పెట్ తీస్తే, కిటికీ కింద చెక్కల సందుల్లో తుప్పు పట్టిన గుండుసూదులు, రెండు హుక్కులు దొరికాయి. సరిగ్గా నా మిషను ఉన్న చోటే!

1931-33 మధ్య ఊళ్లో ఇళ్ల నంబర్లు మార్చారు కాబట్టి ముందు పాత నంబరు పట్టుకున్నాను. దాంతో 1930 జనాభా లెక్కల్లో వెతికితే భర్త పోయిన ఒకావిడ కనిపించింది. వృత్తి డ్రెస్‌మేకర్, పక్క గడిలో 'ఇంటి దగ్గర', ఆ తర్వాత సొంత పని అని చెప్పే 'ఓ' అక్షరం. అది చూసి చాలా సంతోషం వేసింది. 1920లోనూ 1940లోనూ వేరే కుటుంబాలున్నాయి.

అక్కడే ఆగిపోయాను. భవనాలను ఒక్కొక్కటిగా చూపే పాత అగ్ని బీమా పటం, సాన్‌బోర్న్ మ్యాపులో నివాసానికి వేసే 'డి' తప్ప దుకాణానికి వేసే 'ఎస్' లేదు. 1925 నుంచి 1932 దాకా పోల్క్ డైరెక్టరీలు, అంటే ఊళ్లో వాళ్ల పేర్లు, చిరునామాలు ఉండే పుస్తకాలు, తిరగేశాను. ఆవిడ పేరు, ఇంటి నంబరు ఉన్నాయి గానీ దుకాణం పేరు లేదు. పాత పత్రికల్లో ఆవిడ పేరుతో, కొత్త నంబరుతో, పాత నంబరుతో వెతికినా ఒక్క ప్రకటన కూడా రాలేదు.

అప్పట్లో ఇంట్లోనే నడిచిన ఇలాంటి చిన్న దుకాణం పేరు దొరకాలంటే ఇంకా ఏ రికార్డు చూడాలి?