అప్‌డేట్: ‘అమృతం’ మళ్లీ చూశాను

చిన్నప్పుడు ప్రాణంగా చూసిన టీవీ హాస్య ధారావాహిక ‘అమృతం’ను ఇప్పుడు మళ్లీ చూస్తే ఆ జ్ఞాపకం చెడిపోతుందేమోనని గత నెలలో ఇక్కడ అడిగాను. భయపడకుండా చూడమని చాలామంది చెప్పారు కనుక, రోజుకు రెండేసి చొప్పున దాదాపు నలభై ఎపిసోడ్లు చూశాను.

2001లో జెమినీ టీవీలో ఆ ధారావాహిక మొదలైనప్పుడు నేను నాలుగో తరగతి. కథానాయకుడు అమృతరావు వేసే ప్రతి పథకమూ ఆనాడు నాకు సాహసంగానే తోచేది; ఈనాడు మాత్రం, సులువుగా డబ్బు రావాలన్న అతని దురాశకు బలయ్యేది ఎప్పుడూ అతని స్నేహితుడు ఆంజనేయులేనన్న సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. గుండు హనుమంతరావు గారు ఆ పాత్రలో భయాన్నీ విసుగునూ స్నేహాన్నీ ఒకే చూపులో పలికించిన తీరు చిన్నతనంలో నాకు అందనేలేదు. 2018లో ఆయన కన్నుమూశారని తెలిసి చూడటం వల్ల కొన్ని సన్నివేశాల్లో నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

అమృతరావుగా మొదట నటించిన శివాజీ రాజా స్థానంలో వేరే నటులు వచ్చినప్పుడు నేను అలిగి అన్నం మానేశానని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇప్పుడు చూస్తే తరువాత వచ్చిన హర్షవర్ధన్ వేసిన అమృతరావే నాకు ఎక్కువగా నచ్చాడు! వాళ్ల హోటల్లో పనిచేసే ‘సర్వం’ అనే పాత్ర అమాయకత్వం మీద వేసిన హాస్యం అక్కడక్కడ శ్రుతిమించిందనిపించింది. ఇంటి యజమాని అప్పాజీని ఆనాడు రాక్షసుడనుకున్నాను. నేనూ నా సొంత ఫ్లాట్‌ను అద్దెకిచ్చిన తరువాత ఆయన మీద కొంత జాలి కలిగింది.

మా అబ్బాయి మూడు ఎపిసోడ్లు చూసి లేచిపోయాడు. మిగిలినవి నేనొక్కడినే చూస్తున్నాను.