సాంక్-మార్‌తో పాటు ద తూకి మరణశిక్ష ఎందుకు? ఫ్రెంచ్ చరిత్ర తెలిసినవారు చెప్పగలరా

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్ రాజు 13వ లూయీ ఆస్థానంలోని సాంక్-మార్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను.

అతన్ని 13వ లూయీకి దగ్గర చేసింది మంత్రి రిషెల్యూనే. ఇరవై ఏళ్లయినా నిండకముందే రాజుగారి అశ్వశాలలకు అధిపతి అయ్యాడు. చివరికి ఆ రిషెల్యూనే పడగొట్టాలని రాజు తమ్ముడు గాస్తోఁతో చేతులు కలిపి, 1642 మార్చిలో శత్రుదేశం స్పెయిన్‌తో రహస్య ఒప్పందం చేయించాడు. జూన్‌లో నార్బోన్‌లో దొరికిపోయాడు. గాస్తోఁ అంతా ఒప్పేసుకుని ప్రాణాలు దక్కించుకున్నాడు. సెప్టెంబర్ 12న లియోన్‌లో సాంక్-మార్ తల తెగింది. అప్పటికి అతనికి 22 ఏళ్లు.

ఇంతవరకు అర్థమవుతోంది. నన్ను నిద్రపోనివ్వనిది అతని స్నేహితుడు ద తూ కథ. జబ్బుతో ఉన్న రిషెల్యూ రోన్ నదిలో పడవ మీద వెళ్తూ, ద తూని వెనక ఇంకో పడవలో కట్టి లాక్కెళ్లాడట. ఒప్పందం సంగతి తెలిసీ చెప్పకపోవడమే అతని మీద మోపిన ప్రధాన నేరం. స్నేహితుణ్ని పట్టివ్వనందుకు తల తీసేస్తారా!

11వ లూయీ కాలంనాటి శాసనం ఆధారంగా ఈ శిక్ష వేశారని చదివాను. దాన్ని అంతకుముందు ఇలా ఎవరి మీదైనా వాడారా? విచారణ పత్రాలు ఇంగ్లిష్‌లో ఎక్కడ దొరుకుతాయి? ఫ్రెంచ్ వచ్చినవారు ఈ పేర్ల ఉచ్చారణ కూడా సరిచూసి పెడితే ఎంతో మేలు చేసినవారవుతారు.