అమ్మాయి ఎలక్ట్రికల్ అంటోంది, ఇంట్లో అందరూ కంప్యూటర్స్ అంటున్నారు: మీ అనుభవాలు చెప్పండి

హన్మకొండ అమ్మ

మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఎంట్రన్సులో వచ్చిన ర్యాంకుకు మంచి కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్) గానీ, ఓ మాదిరి కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్స్) గానీ వస్తుంది. తనకు ఎలక్ట్రికల్ మీదే మనసు. తొమ్మిదో తరగతిలో సైన్స్ మాస్టారు పాత ఫ్యాను మోటారు విప్పి చూపించారు. అప్పటి నుంచి ఇంట్లో మిక్సీ పాడైనా, ఇస్త్రీపెట్టె పాడైనా ముందు స్క్రూడ్రైవర్ పట్టుకునేది తనే. మా అత్తగారు, బావగారు, ఆడపడుచు అందరిదీ ఒకటే మాట: "ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా? ఏసీ గదిలో కూర్చుని చేసుకునే ఉద్యోగం చూడండి." మావారు ఎటూ తేల్చడం లేదు. వెబ్ ఆప్షన్ల గడువు దగ్గర పడుతోంది. ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ చదివిన అమ్మాయిలు గానీ, వాళ్ల తల్లిదండ్రులు గానీ ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ధైర్యవచనాలకంటే జరిగిన సంగతులు కావాలి.

సబ్‌స్టేషన్ ఏఈ

నేను 132 కేవీ సబ్‌స్టేషన్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ముందు మీ బావగారి ప్రశ్నకే జవాబు చెబుతాను. స్తంభం ఎక్కడం లైన్‌మన్ పని, ఇంజినీరు పని కాదు. లోడు ఎక్కడ పెరుగుతోందో చూడటం, ట్రాన్స్‌ఫార్మర్ నూనెకు పరీక్షలు చేయించడం, ఫాల్ట్ వస్తే ఏ రిలే (లోపం పసిగట్టి లైను ఆపించే పరికరం) ఎందుకు పనిచేసిందో తేల్చడం మా పని. అన్నిటికంటే పెద్ద బాధ్యత ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్: కరెంటు ఆపి, లైను మీద పనికి అనుమతి ఇవ్వడం. లైను మీద మనుషులు ఉన్నంతసేపూ, చివరి మనిషి దిగి సంతకం పెట్టేదాకా అందులోకి కరెంటు రాకూడదు. పైనుంచి ఎంత పెద్ద అధికారి ఫోను చేసి తొందరపెట్టినా "ఇంకా దిగలేదు సార్" అని చెప్పగలగాలి. కావలసింది ఆ నిబ్బరం, లెక్క, జాగ్రత్త.

ఆడవాళ్లు స్తంభాలు ఎక్కలేరన్న మాట కూడా ఇప్పుడు నిలబడదు. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు మహిళలను తీసుకోకపోతే హైకోర్టుకు వెళ్లి పోరాడారు. కోర్టు ఆదేశించాక 2020 డిసెంబరులో స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష, ఆమెతోపాటు భారతి అనే మరో అమ్మాయి అందులో నెగ్గారు. ఈ సంగతి మీ అత్తగారికి తప్పక చెప్పండి.

కష్టం కూడా దాచను. గాలివాన రాత్రి ఫోను వస్తే వెళ్లాల్సిందే. నాకు చిన్న పాప ఉంది. మా అమ్మ మాతోనే ఉండబట్టి, నా భర్త పాపను పడుకోబెట్టడం నేర్చుకోబట్టి సాగుతోంది. ఇంటి నుంచి ఆ ఆసరా లేని తోటి ఉద్యోగిని ఒకామె ఫీల్డు వదిలి ఆఫీసు సీటు అడిగి తీసుకుంది. తెలివిలో ఆమె నాకంటే తక్కువ కాదు, ఎక్కువే.

విశ్రాంత లెక్చరర్, కాకినాడ

ఎలక్ట్రికల్ అంటున్నారు కాబట్టి అయ్యలసోమయాజుల లలిత గారి కథ మీ అమ్మాయికి తెలియాలి. మన దేశంలో ఎలక్ట్రికల్ ఇంజినీరైన తొలి మహిళ ఆమె. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్లకే పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, చేతిలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో ఆ స్థితిలో ఉన్న ఆడపిల్ల బతుకు ఎలా ఉండేదో మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. కూతురి కోసం ప్రిన్సిపాల్‌తో మాట్లాడి అనుమతి సంపాదించారు. 1940లో లలిత గారు చేరారు. నేను తరగతిలో ఎప్పుడూ నొక్కి చెప్పే సంగతి ఆ తర్వాతిది. వందలమంది మగపిల్లల మధ్య ఆమె ఒంటరి కాకూడదని మిగతా అమ్మాయిలకు కూడా ప్రవేశం ఉందని కాలేజీ ప్రకటించింది. లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. ముగ్గురూ పట్టాలు అందుకున్నారు. త్రేసియా గారు తర్వాత కేరళలో పబ్లిక్ వర్క్స్ చీఫ్ ఇంజినీరు స్థాయికి ఎదిగారు. లలిత గారు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో శిక్షణ పొంది, కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చాలాకాలం పనిచేశారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు.

ఇంకొకటి. మూడు ఫేజుల కరెంటు లెక్కల్లో క్లార్క్ ట్రాన్స్‌ఫర్మేషన్ అనే గణిత పద్ధతి వస్తుంది. అది అమెరికా ఇంజినీరు ఎడిత్ క్లార్క్ పేరు. నా విద్యార్థుల్లో చాలామంది ఆ పేరు మగమనిషిదనే అనుకునేవారు. బోర్డు మీద ఆ సమీకరణం రాసిన ప్రతిసారీ ఆవిడ గురించి రెండు నిమిషాలు చెప్పేవాణ్ని. వెనక బెంచీల్లో ఉన్న అమ్మాయిలు తలెత్తి చూసేవాళ్లు.

నాన్న, గుంటూరు

నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, మన్నించండి. మా పెద్దమ్మాయిని సీఎస్ఈలో వేశాను. చదువుకోసం అప్పు చేశాను. నాలుగో ఏడాదిలోనే ఉద్యోగం వచ్చింది, అప్పు తీరింది. ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ లాంటి కోర్ బ్రాంచీలో ఉద్యోగం రావాలంటే పోటీ పరీక్షలు, ఎదురుచూపులు. మధ్యతరగతివాళ్లకు అంత ఓపిక ఉంటుందా? నాకు కొడుకున్నా ఇదే చెప్పేవాణ్ని.

గేర్‌బాక్స్

గుంటూరు నాన్నగారి ఆందోళన నిజమైనదే. మా నాన్నగారు కూడా ఇదే అడిగారు. నేను మెకానికల్ చదివాను. తరగతిలో అమ్మాయిలం నలుగురమే. వర్క్‌షాప్‌లో మొదటి రోజు లేత్ దగ్గర నిలబడితే ఇన్‌స్ట్రక్టర్ "నువ్వు పక్కన నిలబడి రికార్డు రాసుకో అమ్మా, అబ్బాయిలు చేస్తారు" అన్నారు. ఆయనకు నా మీద కోపం లేదు, నాకు దెబ్బ తగులుతుందని భయం. కానీ ఆ దయవల్ల నేర్చుకోవలసింది పోతుంది. మా మేడం వచ్చి ఆ పద్ధతి మార్పించారు: ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక ముక్క కోసి, కొలిచి చూపించాలి.

క్యాంపస్‌కు వచ్చిన ఒక కంపెనీ షాప్‌ఫ్లోర్ ఉద్యోగాలకు అబ్బాయిలే కావాలంది. నైట్ షిఫ్ట్ అన్నారు. ఆ మాట వెనక చట్టం చరిత్ర కూడా ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లను రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు పనిచేయనిచ్చేది కాదు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా సడలించాయి. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆమె సమ్మతితో, భద్రత ఏర్పాట్లతో రాత్రి పనికి వీలిచ్చింది. రవాణా, కాపలా ఏర్పాటు చేయడానికి బద్ధకించే యజమాని మాత్రం ఇప్పటికీ "అమ్మాయిలు వద్దు" అనేస్తాడు. నేను గేట్ రాసి, ఎంటెక్ చేసి, ఇప్పుడు గేర్ల డిజైన్‌లో ఉన్నాను.

అప్పు తీరాలన్న దాని గురించి: ఈఈఈ, మెకానికల్ చదివినవాళ్లను కూడా సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకుంటాయి. విద్యుత్ సంస్థలో ఎలక్ట్రికల్ ఏఈ పోస్టుకు మాత్రం సీఎస్ఈ పట్టా పనికిరాదు. ఈ లెక్క కూడా వేసుకోండి.

సైట్ సివిల్

నాది సివిల్, సైట్ల మీదే ఉంటాను. సిమెంటు ధూళికి, ఎండకు అలవాటు పడతాం. అలవాటు కాని కష్టం మరుగుదొడ్డి. మొదట పనిచేసిన చోట ఆడవాళ్లకు అది లేదు. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండేదాన్ని, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో పడ్డాను. కూలి పనికి వచ్చే ఆడవాళ్లదీ అదే బాధ, వాళ్లను అడిగినవాళ్లు కూడా లేరు. ఇప్పుడు ఏ ప్రాజెక్టులో చేరినా తాళం ఉన్న మరుగుదొడ్డి, నీళ్లు ఉండాలని ముందే రాతపూర్వకంగా అడుగుతాను. అది పెట్టించిన చోట కూలి మహిళలు కూడా వాడుకుంటారు.

మేస్త్రీలు మొదట్లో మాట వినరు. స్లాబు కాంక్రీటుకు ముందు ఇనుప చువ్వల చుట్టూ కట్టే రింగుల మధ్య దూరం టేపు పెట్టి కొలిచి, డ్రాయింగులో ఉన్నదానికంటే ఎడంగా కట్టారని విప్పించాను. పెద్ద గొడవైంది. ఆ తర్వాత అదే మేస్త్రీ కాంక్రీటుకు ముందు "మేడం, ఒకసారి చూసుకోండి" అని పిలిచేవాడు.

మీ ఇంట్లోవాళ్లకు మాధవీలత గారి పేరు చెప్పండి. ప్రకాశం జిల్లా అమ్మాయి, కాకినాడలో సివిల్, వరంగల్‌లో ఎంటెక్, ఐఐటీ మద్రాసులో పీహెచ్‌డీ. బెంగళూరు ఐఐఎస్సీలో ప్రొఫెసర్. చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన రైలు వంతెనకు కొండవాలు, పునాదుల స్థిరత్వం విషయంలో పదిహేడేళ్లు సలహాదారుగా ఉన్నారు. 2025 జూన్‌లో వంతెన ప్రారంభమై ఆమె పేరు మారుమోగితే, వేలమంది పనిచేశారు, నన్నొక్కదాన్నే పొగడకండి అన్నారు. ఆ మాట వల్ల నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది.

కొత్తగూడెం మైనింగ్

మైనింగ్ చదువుతున్నాను. గనుల చట్టం ప్రకారం 2019 దాకా ఆడవాళ్లు భూగర్భంలోకి దిగి ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ ఏడాది సాంకేతిక, పర్యవేక్షణ పనులకు పగటివేళ అనుమతి వచ్చింది. తెలంగాణకు చెందిన సంధ్య రసకట్ల హిందుస్థాన్ జింక్‌లో భూగర్భ గని మేనేజర్ అయ్యారు. మా సీనియర్ అబ్బాయిలకు ఇది వింత, మా జూనియర్ అమ్మాయిలకు మామూలు విషయం.

ఐఐటీలో ఉన్నాను

నేను ఐఐటీల్లో అమ్మాయిల కోసం అదనంగా చేర్చిన సీట్లలో ఒకదాంట్లో చేరాను. 2018లో 14 శాతంతో మొదలుపెట్టి 2020కి 20 శాతానికి తెచ్చారు. అబ్బాయిల సీట్లు ఒక్కటీ తగ్గించలేదు, పైన కలిపారు. అయినా "కోటాలో వచ్చావు" అన్న మాట మొదటి సెమిస్టర్‌లో విన్నాను. మార్కులు వచ్చాక ఆ మాట ఆగింది. మా బ్యాచ్‌లో అమ్మాయిలం ఎక్కువమంది ఉండటం వల్ల రాత్రి ల్యాబ్ నుంచి కలిసి నడిచి వస్తాం. ఒక్కరే ఉంటే హాస్టల్ వేళకు ప్రయోగం సగంలో వదిలేసి పరుగెత్తాల్సి వచ్చేది. కాకినాడ మాస్టారు చెప్పిన గిండీ కాలేజీ కథ చదివి అందుకే నా మనసు కదిలింది.

ప్రభుత్వ బడి టీచర్

ఇక్కడ అందరూ ఇంజినీరింగ్ దగ్గర మాట్లాడుతున్నారు. నాకు కనిపించే సమస్య పదో తరగతిలోనే మొదలవుతుంది. అన్నను కార్పొరేట్ కాలేజీ ఎంపీసీలో చేర్చి, వాడికంటే మార్కులెక్కువ వచ్చిన చెల్లెల్ని ఊరికి దగ్గర్లో ఏ గ్రూపు ఉంటే అందులో వేస్తారు. "బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవాలి కదా టీచర్" అంటారు. ఆ భయాన్ని తీసిపారేయలేను. అందుకే ఒకే ఊరి అమ్మాయిలు ముగ్గురు నలుగురిని కలిపి ఒకే కాలేజీలో చేర్పించడానికి వాళ్ల అమ్మలను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడతాను. ఒక్క అమ్మ ఒప్పుకుంటే మిగతావాళ్లు కదులుతారు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి అమ్మాయిలకు కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ విజ్ఞాన్ జ్యోతి నడుపుతోంది. నవోదయ విద్యాలయాలు కేంద్రాలుగా ల్యాబులు, పరిశ్రమలు చూపిస్తారు. దగ్గర్లో ఉంటే అడగండి.

ఇంకో మాట. ప్రయోగం చేయించేటప్పుడు పరికరం అబ్బాయి చేతికి, పట్టిక రాసే పని అమ్మాయి చేతికి పోతుంది. నేను జంటలు మార్చి కూర్చోబెడతాను.

హన్మకొండ అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కారం. మావారు కూర్చుని మొత్తం చదివారు. ఏఈ గారు రాసిన ఎల్‌సీ సంగతి రెండుసార్లు చదివి, "ఇది మన పిల్ల చేయగలదు" అన్నారు. అత్తగారికి శిరీష గురించి చెబితే ఫొటో చూపించమన్నారు. బావగారు ఇంకా ఒప్పుకోలేదు. ఈఈఈ మొదటి ఆప్షన్‌గా పెడుతున్నాం. ఫీజుకు సాయం ఏదైనా ఉంటుందా? మా రెండో అమ్మాయి పాలిటెక్నిక్ అంటోంది, తనకు కూడా వర్తిస్తుందా?

గేర్‌బాక్స్

ఉంటుందండి. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి) వారి ప్రగతి స్కాలర్‌షిప్ అమ్మాయిలకే. ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి. డిగ్రీకి, డిప్లొమాకు రెండింటికీ ఇస్తారు. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు అర్హులు కాబట్టి మీ చిన్నమ్మాయి కూడా దరఖాస్తు చేయవచ్చు. మొదటి ఏడాదిలోనే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. పాలిటెక్నిక్ తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరేవాళ్లు కూడా అడగవచ్చు. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే మీసేవలో తీసుకోండి, చివర్లో రద్దీ.

ఆప్షన్లు పెట్టేముందు గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక చూడండి. ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు అమ్మాయిలకు ఉంటాయి కాబట్టి బాలికల వరుస విడిగా ఇస్తారు. చాలామంది బాలుర వరుస చూసి సీటు రాదనుకుని మంచి కాలేజీ వదిలేస్తారు. వీలైతే ఆ కాలేజీకి వెళ్లి మెషిన్స్ ల్యాబ్ చూడండి, అక్కడ చదివే అమ్మాయిలతో మీ పాపను మాట్లాడనివ్వండి.